విజయభాస్కర్ పేరున ఇరవై ఒక్క కిలోమీటర్లు

నోటీసును అక్టోబరు ఏడో తేదీ సోమవారం క్యాంటీన్ గోడకు అంటించారు. మధ్యాహ్నం భోజనాల వేళకు దాని ముందు పదిమంది నిలబడి ఉన్నారు. ఫిబ్రవరి రెండో ఆదివారం కంపెనీ వార్షికోత్సవ పరుగు. దూరం ఇరవై ఒక్క కిలోమీటర్లు. ఐదేళ్ల సర్వీసు ఉండి, నలభై ఏళ్లు నిండని కాంట్రాక్టు కార్మికులు ఎవరైనా పాల్గొనవచ్చు. వాళ్లలో రెండున్నర గంటల లోపు పూర్తి చేసిన మొదటి ఎనిమిది మందిని ఫైర్ విభాగంలో పర్మనెంటు హెల్పర్లుగా తీసుకుంటారు.

వాళ్లలో సమాధానం అనే కార్మికుడు దాన్ని రెండుసార్లు చదివాడు.

ఓడల నుంచి దిగిన బొగ్గును విద్యుత్ కేంద్రానికి చేర్చే బెల్టులు నడపడం ఆ కంపెనీ పని. సమాధానం పని మూడో బెల్టు కింద. పైనుంచి రాలిన బొగ్గును పారతో ఎత్తి మళ్లీ బెల్టు మీద వేయాలి. ఎనిమిదేళ్లుగా అదే పని. మెడలో వేలాడే కార్డు మీద ఫోటో అతనిదే. ఫోటో కింద పేరు విజయభాస్కర్, తండ్రి పేరు పద్మనాభయ్య, వయసు ముప్పై ఆరు. సమాధానం వయసు నలభై మూడు.

విద్యుత్ కేంద్రం బూడిదను వదిలే చెరువు కోసం భూములు తీసుకున్నప్పుడు, పొలం పోయిన ఇంటికి ఒక కాంట్రాక్టు పని కార్డు ఇచ్చారు. ఆ పొలాల్లో కూలికి వెళ్లినవాళ్లకు ఇవ్వలేదు. పద్మనాభయ్యకు మూడున్నర ఎకరాలు పోయింది. కార్డు పెద్ద కొడుకు విజయభాస్కర్ పేరున వచ్చింది. అతనికి మనుబోలులో ఎరువుల దుకాణం ఉంది. పార పట్టుకునే ఉద్దేశం లేదు. వాళ్ల పొలంలో పన్నెండేళ్లు పనిచేసిన సమాధానాన్ని పిలిచి, నా పేరు మీద నువ్వు పోతావా అని అడిగాడు. సూపర్‌వైజర్ మాల్యాద్రి ఫోటో మార్పించాడు. జీతం విజయభాస్కర్ ఖాతాలో పడుతుంది. అతను తన వంతు ఉంచుకొని మిగిలింది పంపిస్తాడు. ఆ షిఫ్టులో ముప్పై ఒక్క మంది పనిచేస్తే, పదకొండు మంది ఇలా వచ్చినవాళ్లే. లోపల అందరూ వాళ్లను కార్డు మీది పేర్లతోనే పిలుస్తారు.

ఆ సాయంత్రం సమాధానం ఇంట్లో నోటీసు సంగతి చెప్పాడు. అతని భార్య ఎస్తేరమ్మ కుట్టు మిషను ఆపింది.

"ఎప్పుడన్నా పరిగెత్తినావా నువ్వు?"

"ఎనుములు మేపేటప్పుడు వాటెంట పరిగెత్తినా."

"అవి ఇరవై ఒక్క కిలోమీటర్లు పోయినాయా?"

మరుసటి రోజు తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి కంపెనీ ఇచ్చిన బూట్లు వేసుకుని రోడ్డు మీదికి వెళ్లాడు. ఆరు వందల మీటర్లు వెళ్లి లారీల కాటా దగ్గర వాంతి చేసుకున్నాడు. ఉమ్మితే నల్లగా పడింది. అది అతనికి కొత్త కాదు. నడిచి ఇంటికి వచ్చి, ఆరు గంటల షిఫ్టుకు వెళ్లాడు.

నాలుగో రోజు హైస్కూలు గ్రౌండు దగ్గర సుభాషిణి అతన్ని ఆపింది. ఆమె అక్కడ వ్యాయామ ఉపాధ్యాయిని. రోజూ ఆ వేళకు గ్రౌండు చుట్టూ నడుస్తుంది.

"మూడు రోజుల్నుంచి చూస్తుండా. ఆ బూట్లతో ఎందుకు పరిగెత్తుతుండావు?"

"ఇవే ఉండాయి మేడమ్."

"ముందర ఇనుప రేకు ఉంటది దాంట్లో. కాళ్లు విరగ్గొట్టుకుంటావా? ఎందుకీ పరుగు?"

అతను చెప్పాడు. ఆమె తేదీలు లెక్కపెట్టింది. పద్దెనిమిది వారాలు. పేరు, వయసు అడిగింది. కార్డు మీది పేరు, వయసు చెప్పబోయి, అసలువి చెప్పాడు. ఆమె చేతిసంచిలోంచి పాత ప్రశ్నపత్రం తీసి, దాని వెనక వైపు రాసింది. వారానికి నాలుగు రోజులు. మొదటి రెండు వారాలు నాలుగు నిమిషాలు నడక, ఒక నిమిషం పరుగు. తర్వాత మూడు, రెండు. ఆదివారం దూరం పోవాలి, మెల్లగా. మాట్లాడుతూ పరిగెత్తగలిగేంత మెల్లగా.

"ఎవురితో మాట్లాడాల మేడమ్?"

"పాటలు పాడుకో. సమాధానం అంటే చర్చి పేరే, అక్కడ పాడతావు గదా."

నెల్లూరులో బూట్లు కొన్నాడు. నవంబరు మొదటి వారానికి ఆగకుండా మూడు కిలోమీటర్లు, చివరి వారానికి ఏడు. పోర్టు రోడ్డు అంచున, తెల్ల గీతకు ఎడమ పక్కన పరిగెత్తేవాడు. లోపలికి పోవడానికి వరుస కట్టిన లారీల్లో డ్రైవర్లు మేలుకొనే వేళ అది. డోరు మీద మోచెయ్యి ఆన్చి అడిగేవాళ్లు.

"ఎవురు తరుముతుండారన్నా? పోలీసులా?"

"పెళ్లాం అయ్యుంటది. పోలీసులైతే ఇంత పొద్దున లేస్తారా?"

అతను చెయ్యి ఎత్తి వెళ్లిపోయేవాడు. లారీ కదిలితే బొగ్గు పొడి లేచేది. తువ్వాలు తడిపి ముక్కుకు కట్టుకుంటే ఊపిరి చాలేది కాదు. విప్పితే దగ్గు. ఏదో ఒకటి ఎంచుకోవాలి. విప్పి పరిగెత్తడమే ఎంచుకున్నాడు. డిసెంబరులో కుడి కాలి బొటనవేలి గోరు నల్లబడింది. క్రిస్మస్‌కు ముందు ఊడిపోయింది.

ఆదివారం దూరాలు పెరిగేకొద్దీ ఇంటికి చేరే సమయానికి ఆరాధన మొదలయ్యేది. వరసగా మూడు ఆదివారాలు వెళ్లలేదు. నాలుగో వారం ఎస్తేరమ్మ చర్చి నుంచి వచ్చి, పాస్టరు గారు అడిగారని చెప్పింది.

"ఏం చెప్పినావు?"

"నీ పరుగు కోసం ప్రార్థన చెయ్యమన్నా. సమాధానం అనే పేరెత్తి చేసినాడు. గేటు కాడేమో నువ్వు భాస్కర్‌వి. దేవుడు ఎవురికి ఇయ్యాల?"

"ఎవురికిచ్చినా జీతం మనింటికే గదా."

"ఇప్పటిదాకా సగమే గదా వచ్చింది."

జనవరి రెండో వారంలో పదిహేడు కిలోమీటర్లు పూర్తి చేశాడు. రెండు గంటల ఐదు నిమిషాలు పట్టింది. ఆ లెక్కన ఇరవై ఒకటికి సమయం సరిపోదు. సుభాషిణి చెప్పినట్టు వారంలో ఒక రోజు నాలుగు వందల మీటర్లు వేగంగా, నాలుగు వందలు నడకగా, పదిసార్లు చేశాడు. ఆ రోజుల్లో షిఫ్టులో పార ఎత్తేటప్పుడు తొడలు వణికేవి. మాల్యాద్రి చూశాడు.

"ఏందబ్బా భాస్కరూ, చలిజ్వరమా?"

"పరుగు అన్నా."

మాల్యాద్రి అతన్ని బెల్టు శబ్దానికి దూరంగా తీసుకుపోయాడు.

"పర్మనెంటు అంటే ఏలిముద్ర ఉంటది. తెలుసు గదా?"

"కార్డుకు నా ఫోటో పెట్టించినావు గదా అన్నా. దీనికీ ఏదో ఒకటి చెయ్యలేవా?"

"ఫోటో నా చేతిలో ఉండింది. ఇది హైదరాబాదు ఆఫీసులో ఉంటదంట." వెనక్కి తిరుగుతూ, "ముందు పరిగెత్తు. ఎనిమిది మందిలో వస్తే గదా ఆ మాట," అన్నాడు.

ఎనిమిదేళ్లలో పేరు గురించి వచ్చిన ప్రతి చిక్కునూ మాల్యాద్రి ఏదో ఒక విధంగా తప్పించాడు. తనిఖీ వచ్చిన రోజు సెలవు ఇచ్చాడు. ఫారాల మీద సంతకం ఎలా చెయ్యాలో నేర్పించాడు. అందుకని సమాధానం ఆ మాటను చిక్కు కింద జమకట్టాడే గానీ, అడ్డంకి కింద జమకట్టలేదు. ఆ షిఫ్టులో ఇంకొకరి కార్డు మీద వచ్చిన మిగతా పది మంది కూడా అలాగే అనుకునేవాళ్లు. పేరు ఇంకొకరిది, పని తమది. పనికి పోయే మనిషినే కంపెనీ చూస్తుందని వాళ్ల నమ్మకం.

అయినా సెలవు రోజున బస్సెక్కి మనుబోలు వెళ్లాడు. విజయభాస్కర్ దుకాణంలో ఉన్నాడు. తండ్రి పద్మనాభయ్య యూరియా బస్తాల పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. సమాధానం నిలబడే విషయం చెప్పాడు.

"మంచిదే గదా," అన్నాడు విజయభాస్కర్. "పరిగెత్తు సమాధానం. దాందేముంది?"

"ఏలిముద్ర అడుగుతారంట భాస్కరన్నా."

"నేనొచ్చి ఒకసారి ఏలేసి పోతా. ఉజ్జోగం నువ్వు చేసుకో. ఇప్పుడు నడిచినట్టే."

పద్మనాభయ్య అడిగాడు. "ఎంత దూరం?"

"ఇరవై ఒక్క కిలోమీటర్లయ్యా."

"పోయి రావడమా, పోవడమేనా?"

"పోయి రావడమయ్యా. పదిన్నర కాడ తిరగాల."

"ఫైరు అంటే ఏం పని?"

"బొగ్గు అంటుకుంటే ఆర్పాలయ్యా. అంటుకోనప్పుడు కూర్చోవచ్చు."

పద్మనాభయ్య కొడుకు వైపు చూశాడు. "మూడున్నర ఎకరాలకు ఒక కార్డు ఇచ్చినారు," అన్నాడు. "దాంట్లో కూర్చునే ఉజ్జోగం ఉందని అప్పుడు ఎవురూ చెప్పలా."

విజయభాస్కర్ సమాధానానికి టీ తెప్పించాడు. కాగితం గ్లాసులో.

పరుగు రోజున రెండు వందల పన్నెండు మంది వచ్చారు. వాళ్లలో కాంట్రాక్టు కార్మికులు నలభై ఆరు మంది. మిగతావాళ్లు ఆఫీసర్లు, నెల్లూరు నుంచి వచ్చిన కాలేజీ విద్యార్థులు. అందరికీ కంపెనీ చొక్కాలు ఇచ్చారు. సమాధానం చొక్కా మీద 131 నంబరు, దాని కింద విజయభాస్కర్ అని అచ్చు వేసి ఉంది. ఐదూ నలభై ఐదుకు గేటు దగ్గర మొదలుపెట్టారు. ఆ ఒక్క రోజు లారీలను నిలిపివేశారు.

మొదటి కిలోమీటరులో అందరూ అతన్ని దాటిపోయారు. సుభాషిణి అలా అవుతుందని ముందే చెప్పింది. ఆరో కిలోమీటరు రాయి దగ్గర నలభై రెండు నిమిషాలు. అక్కడి నుంచి ఒక్కొక్కరు నడక మొదలుపెట్టారు. ముత్తుకూరు దాటాక పదిన్నర కిలోమీటర్ల దగ్గర తిరిగేసరికి గంటా పదమూడు నిమిషాలు. కాంట్రాక్టు వాళ్లలో తన ముందు ఎవరెవరు ఎదురు వస్తున్నారో లెక్కపెట్టుకున్నాడు. పదకొండు మంది.

ఎండ వచ్చింది. కొత్త చొక్కా చెమటకు గట్టిపడి ఛాతీకి రాసుకుంది. పద్నాలుగో కిలోమీటరులో చూసుకుంటే రెండు చోట్ల నెత్తురు మరకలు. చొక్కా విప్పితే నంబరు పోతుంది. చేత్తో గుడ్డను ముందుకు లాగి పట్టుకుని పరిగెత్తాడు. పదహారులో ఇద్దరిని దాటాడు. ఒకడు పిక్క పట్టుకుని రోడ్డు పక్కన కూర్చుని ఉన్నాడు. ఇంకొకడు నడుస్తున్నాడు. పద్దెనిమిదిలో ఇంకొకర్ని దాటాడు. అతను రెండో బెల్టులో పనిచేసే నరేంద్రబాబు. అసలు పేరు వేరే.

"పో అన్నా," అన్నాడు అతను. "నాకు ఊపిరి చాలలా."

పందొమ్మిదిలో సమాధానానికి కుడి కాలు మొద్దుబారింది. అడుగు పడుతున్నదీ లేనిదీ శబ్దాన్ని బట్టి తెలుసుకున్నాడు. చివరి కిలోమీటరులో ఇంకొకర్ని దాటాడు. గడియారం కింద నుంచి వెళ్లినప్పుడు అది రెండు గంటల ఇరవై ఆరు నిమిషాల నలభై సెకన్లు చూపిస్తోంది. కాంట్రాక్టు కార్మికుల్లో ఎనిమిదో స్థానం.

మైకులో విజయభాస్కర్ అని పిలిచారు. మొదటి పిలుపుకే వేదిక మీదికి వెళ్లాడు. పతకం, అరటిపండు, సర్టిఫికెట్ ఇచ్చారు. సర్టిఫికెట్ మీద పేరు ఏమిటో చూడలేదు. మెట్లు దిగేటప్పుడు రెయిలింగు పట్టుకుని దిగాడు. ఇంటికి చేరాక ఎస్తేరమ్మ చొక్కాను ఒంటి మీద ఉండగానే నీళ్లతో తడిపి, మెల్లగా ఊడదీసింది.

"వచ్చిందా?"

"వచ్చింది."

ఆమె ఏడ్చింది. పెళ్లయ్యాక సంతోషానికి ఆమె ఏడవడం అతను చూసింది రెండోసారి. మొదటిసారి కూతురు పుట్టినప్పుడు.

కాగితాల పరిశీలన ఫిబ్రవరి ఇరవైన. సమాధానం, విజయభాస్కర్ ఇద్దరూ వెళ్లారు. గేటు దగ్గర మాల్యాద్రి సమాధానాన్ని బయటే ఉండమన్నాడు. విజయభాస్కర్ లోపలికి వెళ్లాడు. నలభై నిమిషాల తర్వాత కొత్త కార్డుతో బయటికి వచ్చాడు. దాని మీద ఫోటో విజయభాస్కర్‌ది.

"రోజూ ఏలెయ్యాలంట సమాధానం," అన్నాడు. "పొద్దున ఒకసారి, పోయేటప్పుడు ఒకసారి. నేను ఒక్కసారే అనుకున్నా."

"అయితే వద్దని చెప్పినావా?"

విజయభాస్కర్ బైకు తాళం జేబులోంచి తీశాడు. "నేను లోపలికి పోయేముందే నాయన ఫోన్ చేసినాడు. వదిలి రావద్దన్నాడు. పొలానికి ఇన్నాళ్లకు సరైన బదులు వచ్చిందన్నాడు." తల దించుకుని బైకు స్టార్టు చేశాడు. "దుకాణం నా భార్య చూసుకుంటది."

అతను వెళ్లాక మాల్యాద్రి చెయ్యి చాపాడు. సమాధానానికి అర్థం కాలేదు.

"పాత కార్డు ఇయ్యబ్బా. పర్మనెంటు అయినోడికి కాంట్రాక్టు కార్డు ఉండదు గదా. రద్దయిపోయింది."

"నేను యాడికి పోయేది అన్నా?"

"నువ్వు ఓడిపోయుంటే ఈ పాటికి బెల్టు కింద ఉండేవాడివి," అన్నాడు మాల్యాద్రి. ఎగతాళిగా అనలేదు. "నాకూ తట్టలా."

సమాధానం మెడలోంచి తాడు తీసి ఇచ్చాడు.

కొత్త కార్డు కోసం కాంట్రాక్టు ఆఫీసులో అడిగాడు. నలభై దాటినవాళ్లకు ఇవ్వడం లేదన్నారు. ఎనిమిదేళ్లు పనిచేశానన్నాడు. ఏ పేరుతో అని అడిగారు. ఆ ఎనిమిదేళ్లూ రికార్డులో విజయభాస్కర్ సర్వీసు. సమాధానం అనే మనిషి ఆ గేటు లోపలికి ఒక్క రోజు కూడా వెళ్లినట్టు లేదు. మార్చి నుంచి రొయ్యల గుంటల మీద కూలికి పోయాడు. పిలిస్తే పని, లేకపోతే లేదు. రొయ్యలకు తెగులు వచ్చి రెండు గుంటలు ఎండగట్టేశాక వారంలో మూడు రోజులే పిలిచారు. కూతురి ఇంటరు చదువు గురించి ఇంట్లో మాట్లాడటం మానేశారు.

పరుగు కూడా మానేశాడు. ఒకసారి రోడ్డు మీద సుభాషిణి స్కూటరు ఆపి, ఉద్యోగం ఎలా ఉందని అడిగింది. బాగుందని చెప్పాడు.

ఏప్రిల్ చివరి ఆదివారం సాయంత్రం విజయభాస్కర్ సమాధానం ఇంటికి వచ్చాడు. కూలీల ఇళ్లున్న ఆ పాలెంలోకి అతను రావడం అదే మొదటిసారి. ఎస్తేరమ్మ కుర్చీ వేసింది. అతను కూర్చోలేదు. యూనిఫారం పొట్ట దగ్గర బిగుతుగా ఉంది.

"మే పద్దెనిమిదిన పరీక్ష ఉంది," అన్నాడు. "ఐదు కిలోమీటర్లు ముప్పై ఐదు నిమిషాల్లో. అది పాసైతేనే కన్ఫర్మ్ చేస్తారు. లేకుంటే ఇంటికి పంపిస్తారు."

సమాధానం అతని బూట్ల వైపు చూశాడు.

"నిన్న పరిగెత్తి చూసుకున్నా. ఒక కిలోమీటరుకే కళ్లు తిరిగినాయి."

"మూడు వారాలు చాలవు," అన్నాడు సమాధానం. "నాకు పద్దెనిమిది పట్టినాయి."

"తెలుసు. అందుకే వచ్చినా." విజయభాస్కర్ గొంతు తగ్గించాడు. "పరీక్ష గేటు బయట, బూడిద చెరువు కట్ట మీద పెడతారు. ఏలిముద్ర లేదు. చూసేవాళ్లు హైదరాబాదు నుంచి వస్తారు, మన మొహాలు తెలీవు. ఫైరు కోటు, హెల్మెటు అన్నీ వేసుకునే పరిగెత్తాల. అద్దం దించితే మనిషి కనపడడు. నువ్వు పరిగెత్తి పెట్టన్నా."

అన్నా అని అతను పిలవడం కూడా మొదటిసారి.

ఎస్తేరమ్మ గుమ్మంలో నుంచి అంది. "ఒకసారి పరిగెత్తినందుకే ఇంటి కూడు పోయింది. రెండోసారికి ఏం పోతది సామీ?"

"ఊరికే కాదక్కా," అన్నాడు విజయభాస్కర్. "నేను కన్ఫర్మ్ అయితే మా ఇంటికి ఇంకో కాంట్రాక్టు కార్డు అడగొచ్చంట. భూమి పోయినోళ్ల కోటాలో. తమ్ముడు సుకుమార్ పేరున అడుగుతా. వాడు బెంగళూరులో ఉండాడు, రాడు. మళ్లీ మూడో బెల్టుకే వేయిస్తానని మాల్యాద్రి చెప్పినాడు."

"సుకుమార్ వయసు ఎంత?" అని అడిగాడు సమాధానం.

"ముప్పై ఒకటి."

ఎస్తేరమ్మ నవ్వింది. "ఎనిమిదేళ్ల కింద ఏడేళ్లు తగ్గినావు. ఇప్పుడు పన్నెండు. ఇంకో కార్డు వస్తే నాకు కొడుకు అవుతావు." ఆ మాట అని లోపలికి వెళ్లింది. లోపల మిషను చప్పుడు మొదలు కాలేదు.

"కార్డు ముందు ఇప్పించు భాస్కరన్నా. తర్వాత పరిగెత్తుతా."

"కన్ఫర్మ్ కాకుండా అడిగే హక్కు నాకు లేదన్నా. నాయన మీద ఒట్టు. మోసం చెయ్యను."

మనుబోలులో దుకాణం ముందు కూడా అతను మోసం చేసే ఉద్దేశంతో మాట్లాడలేదు. సమాధానానికి అది తెలుసు. రొయ్యల గుంటల యజమాని ఈ వారం ఇంకా ఫోన్ చేయలేదు. ఐదు కిలోమీటర్లను తను ముప్పై రెండు నిమిషాల్లో పరిగెత్తగలడు. రెండు నెలలు మానేసినా మూడు వారాల్లో అంత వేగం తిరిగి వస్తుంది. కానీ అది చొక్కాతో పరిగెత్తిన లెక్క.

"కోటు ఎంత బరువు?"

"తెలీదు. మూడు కిలోలు ఉంటదేమో."

"హెల్మెటు?"

"ఒకటిన్నర. అద్దం దించితే లోపల ఆవిరి పడతది. గాలి ఆడదు."

"రెండూ రేపు పొద్దున తెచ్చియ్యి," అన్నాడు సమాధానం. "నాలుగున్నరకు. ఊపిరి అలవాటు కావాల."